తెర నల్లబడితే మెషీన్ పోయినట్టేనా?

ప్రశ్న: సార్, మాది మలికిపురం దగ్గర పల్లెటూరండి. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం నా విండోస్ ల్యాప్‌టాప్‌లో కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు 22.04 అనే లైనక్స్ పెట్టుకున్నాను. మొదట్నుంచీ తెర చిన్నగా, అగ్గిపెట్టెలా ఉండేది. ఫ్రెండ్ చెప్పాడని త్రీడీ యాక్సిలరేషన్‌కి టిక్ పెట్టాను. అప్పట్నుంచి తెర అప్పుడప్పుడూ మెరిసేది కానీ పని మాత్రం నడిచింది. పోయిన వారం లోపల అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, టక్కున ఆగిపోయింది. ఇప్పుడు ఆన్ చేస్తే ఉబుంటు గుర్తు వస్తుంది, తర్వాత అంతా నలుపు. పైన ఎడమ మూల ఒక చిన్న గీత కొట్టుకుంటూ ఉంటుంది. భయమేసి గ్రాఫిక్స్ కంట్రోలర్ మూడు రకాలూ మార్చి చూశాను, లాభం లేదు. డిలీట్ చేసి మళ్లీ వేసుకోమని అందరూ అంటున్నారు. ప్రాజెక్టు అంతా అందులోనే ఉందండి. మళ్లీ దించుకుందామంటే మాకు రోజుకి ఒకటిన్నర జీబీయే. ఏం చెయ్యమంటారు?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ డిలీట్ జోలికి వెళ్లకు. వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ పేరు మీద రిమూవ్ నొక్కితే ఫైళ్లు కూడా తీసేయాలా అని ఒక ప్రశ్న అడుగుతుంది. హడావుడిలో దానికి అవును అనేసి నెత్తి బాదుకున్నవాళ్లు నాకు తెలుసు. నీ ప్రాజెక్టు ఎక్కడికీ పోలేదు. కనిపించనిది బొమ్మ ఒక్కటే.

ముందుగా కాపీ తీసుకో. మెషీన్ పూర్తిగా ఆపేసి, విండోస్‌లో నీ యూజర్ ఫోల్డర్‌లోకి వెళ్తే ‘వర్చువల్‌బాక్స్ వీఎమ్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో వీడీఐ అని ముగిసే పెద్ద ఫైలే నీ ఉబుంటు మొత్తం. దాన్ని ఇంకో చోట దాచు. పెన్‌డ్రైవ్‌లోకి వెయ్యబోతే ‘ఫైల్ మరీ పెద్దది’ అని మొరాయిస్తే కంగారు పడకు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉండుంటుంది, అందులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు. లోపలున్నవి వేరే చోట పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేస్తే పడుతుంది. సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో కూడా ఒకసారి చూడు. అక్కడ చోటు అయిపోయినా మెషీన్ మధ్యలో నిలబడిపోతుంది.

ఇక అసలు విషయం. మీ ఊరు కాలువకి శివారు కదా. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు లొల్ల లాకుల దగ్గర చీలి, గన్నవరం అక్విడక్టు మీదుగా గోదావరి పాయ వైనతేయ దాటి, పంట కాలువలు, బోదెలు తిరిగి మీ చేలోకి రావాలి. సార్వాలో చేనుకి నీళ్లందకపోతే మీ నాన్నగారు ఏం చేస్తారు? బ్యారేజీ పడిపోయిందనుకోరు. గట్టు పట్టుకుని పైకి నడుస్తారు. ఎక్కడిదాకా నీళ్లున్నాయి, ఎక్కడ ఆగాయి, అక్కడ తూడు అడ్డం పడిందా, ఎవరైనా తూము మూశారా అని చూస్తారు. తెర కూడా శివారు చేనే. విండోస్ మీద వర్చువల్‌బాక్స్, దాని మీద లైనక్స్ కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్), ఆ కెర్నల్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్, ఆ తర్వాత లాగిన్ తెర చూపించే ప్రోగ్రామ్, చివర డెస్క్‌టాప్. ఇన్ని దాటితేనే నీకు బొమ్మ. ఎక్కడ తెగినా నీకు కనబడేది మాత్రం ఒకటే నలుపు.

నీ ఉత్తరంలో ఒక మంచి మాట ఉంది. ఉబుంటు గుర్తు వస్తోందన్నావు, ఆ తర్వాత గీత కొట్టుకుంటోందన్నావు. అంటే నీళ్లు చాలా దూరమే వచ్చాయి. కెర్నల్ లేచింది, తెర మీద ఏదో ఒకటి గీయగలుగుతోంది. లాగిన్ తెర చూపించాల్సిన ప్రోగ్రామ్ మాత్రం లేవలేదు. త్రీడీ టిక్ పెట్టాక కూడా నడిచింది కాబట్టి నా మొదటి అనుమానం దాని మీద కాదు, సగంలో ఆగిన అప్‌డేట్ మీద.

అది తేల్చుకోడానికి ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. మెషీన్ ఆన్ చేసి, నలుపు వచ్చాక రెండు నిమిషాలు ఆగు. ఆ కిటికీలో ఒకసారి క్లిక్ చేసి, కుడి వైపు కంట్రోల్ పట్టుకుని ఎఫ్3 నొక్కు. ఆ కుడి కంట్రోల్‌ని వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీ అంటారు. నీ దాంట్లో ఏ కీ పెట్టి ఉందో కిటికీ అడుగున కుడి మూల రాసి ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్3 నొక్కితే సౌండ్ పెరుగుతుంది. అలాంటప్పుడు ఎఫ్ఎన్ కీ కూడా కలిపి పట్టుకోవాలి. అన్నీ సరిగ్గా పడితే నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో లాగిన్ అని అడుగుతుంది. యూజర్ పేరు కొట్టు, ఎంటర్, పాస్‌వర్డ్ కొట్టు. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనబడవు, గీత కదలదు. కీబోర్డు పని చెయ్యట్లేదని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అది అంతే, కొట్టి ఎంటర్ నొక్కు.

లోపలికి వెళ్లావంటే సగం టెన్షన్ పోయినట్టే. రేపే ల్యాబ్ అయితే ఇవాళ్టికి డెస్క్‌టాప్ మాట మర్చిపో. ఫోర్కు, పైపు ప్రోగ్రాములకి తెర మీద బొమ్మలు అక్కర్లేదు. నానో తెరిచి రాసుకో, జీసీసీతో కంపైల్ చేసుకో. నన్నడిగితే ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ అలా చేస్తేనే బాగా వంటబడుతుంది.

ఇక్కడి నుంచి కమాండ్లు ఫోన్‌లో చెప్పినట్టు రాస్తున్నాను. నువ్వు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకో. మాటకీ మాటకీ మధ్య ఒక ఖాళీ. ‘గీత’ అన్న ప్రతిసారీ ఒక్క హైఫన్ కొట్టు, దాని తర్వాత ఖాళీ ఉండదు. ‘గీత’ మాట పక్కన అతికించిన గుర్తుని మళ్లీ కొట్టొద్దు, మిగతా మాటల మధ్య ఉన్న హైఫన్ మాత్రం అలాగే కొట్టు. ‘సుడో’ అంటే అడ్మిన్ అధికారంతో నడపమని.

ప్రాజెక్టు ముందే బయటికి తీసుకుంటే నిద్ర పడుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, పైన డివైసెస్ మెనూలో యూఎస్‌బీ కింద దాని పేరు మీద క్లిక్ చెయ్యి. ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ అని కొడితే డిస్కుల జాబితా వస్తుంది. సైజు చూసి నీ పెన్‌డ్రైవ్ ఏదో పోల్చుకో, మామూలుగా ఎస్‌డీబీ1 అవుతుంది. తర్వాత ‘సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎమ్ఎన్‌టీ’. అప్పుడు ‘సుడో సీపీ గీత-ఆర్’ కొట్టి, ఫోల్డర్ పేరు, ఖాళీ, ‘/ఎమ్ఎన్‌టీ’. అయ్యాక ‘సుడో యూమౌంట్ /ఎమ్ఎన్‌టీ’ కొట్టకుండా పెన్‌డ్రైవ్ లాగొద్దు. అది అన్‌మౌంట్ కాదు, యూ తర్వాత ఎన్ ఉండదు. నేను కూడా కొత్తలో ఎన్ పెట్టి కొట్టి కమాండ్ లేదంటోందేంటని తిట్టుకున్నవాణ్ణే.

ఇప్పుడు కారణం వెతుకుదాం. మొదట ‘డీఎఫ్ గీత-హెచ్’. వరసల్లో చివర ఒంటరిగా ఏటవాలు గీత ఉన్న వరస చూడు. అక్కడ 100 శాతం అని ఉంటే డిస్కు నిండిపోయింది, లాగిన్ తెరకి తన చిన్న చిన్న ఫైళ్లు రాసుకోడానికి కూడా చోటు లేదు. నల్ల తెరకి ఇంత మామూలు కారణం ఉంటుందని ఎవరూ అనుకోరు, అందుకే ఎవరూ చూడరు. నిండితేనే ‘సుడో ఆప్ట్ క్లీన్’ కొట్టు. చోటు ఉంటే కొట్టొద్దు. అది అప్‌డేట్ కోసం ఇప్పటికే దించుకున్న ప్యాకేజీలను తుడిచేస్తుంది, మళ్లీ నీ ఒకటిన్నర జీబీలోంచి దించుకోవాలి.

తర్వాతది నీ విషయంలో ముఖ్యం. ‘సుడో డీపీకేజీ గీతగీత-కాన్ఫిగర్ గీత-ఏ’. కాన్ఫిగర్ ముందు రెండు గీతలు కలిసి ఉంటాయి. కరెంటు పోయిన దగ్గర ఏ ప్యాకేజీలు సగం సగం అమర్చి ఉన్నాయో వాటిని ఇది పూర్తి చేస్తుంది. నెట్ అక్కర్లేదు. పది నిమిషాలు పట్టొచ్చు, వరసలు అలా పారుతూనే ఉంటాయి. మధ్యలో పాత సెట్టింగ్ ఉంచాలా కొత్తది పెట్టాలా అని అడిగితే ఎంటర్ కొట్టు, పాతదే ఉంటుంది. ఇది అయ్యాక ‘సుడో ఆప్ట్ గీతగీత-ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. దీనికి నెట్ కావాలి గానీ, ఎన్ని ఎంబీ దించాలో చెప్పి అవునా కాదా అని అడుగుతుంది. చూసుకుని ఒప్పుకో. తర్వాత ‘సుడో రీబూట్’. నా అంచనా నిజమైతే నీకు ఇక్కడే లాగిన్ తెర వచ్చేస్తుంది.

రాకపోతే బయటి తూములు చూద్దాం. లోపల ఎంత బాగుచేసినా బయట వర్చువల్‌బాక్స్ సెట్టింగు తప్పుగా ఉంటే ప్రయోజనం ఉండదు. నేను మొదటిసారి ఈ గొడవలో పడ్డప్పుడు చిన్న తెర పోవడం లేదని మూడుసార్లు లైనక్స్ మళ్లీ వేశాను, మూడుసార్లూ అగ్గిపెట్టే. వీడియో మెమరీ 16 ఎంబీ దగ్గరే ఉండిపోయిందని నాలుగో రోజు కనబడింది. లెక్క వేసి చూడు. ఒక్కో చుక్కకి 4 బైట్లు. 800 బై 600 తెరకి ఒక్క బొమ్మ రెండు ఎంబీ లోపే. 1920 బై 1080కి దాదాపు 8 ఎంబీ. ఒక బొమ్మ చూపిస్తూ వెనకాల ఇంకోటి గీసుకోవాలంటేనే 16 అయిపోయింది, ఇక కిటికీలు, నీడలు, ఐకాన్లు ఎక్కడ పెట్టుకుంటుంది?

మెషీన్ ఆపి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరువు. మీటలు మసకగా ఉండి కదలకపోతే మెషీన్ సేవ్ అయి ఉంది, ఆగలేదు. దాన్ని లేపి సరిగ్గా షట్‌డౌన్ చెయ్యాలి. వీడియో మెమరీ 128కి జరుపు. త్రీడీ టిక్ తీసెయ్. గ్రాఫిక్స్ కంట్రోలర్ మూడూ తిప్పానన్నావు, ఇప్పుడు దేని మీద ఉందో నీకే గుర్తుండదు. వీఎమ్ఎస్‌వీజీఏ పెట్టి వదిలెయ్. లైనక్స్‌కి వర్చువల్‌బాక్స్ తనంతట తాను ఎంచుకునేది అదే, దానికి కావలసిన డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది. వీబాక్స్‌ఎస్‌వీజీఏ విండోస్‌ని లోపల నడిపేవాళ్లకి. వీబాక్స్‌వీజీఏ పాత విండోస్‌ల కోసం మిగిలింది. త్రీడీ టిక్ మీద నాకు మొదట్నుంచీ సదభిప్రాయం లేదు. పేరు చూస్తే స్పీడు పెరుగుతుందనిపిస్తుంది. మామూలు ల్యాప్‌టాపుల్లో అది తెచ్చిపెట్టే మెరుపులు, నలుపులే ఎక్కువ. నీ ఫ్రెండ్ మంచికే చెప్పాడు గానీ, చిన్న తెరకీ త్రీడీకీ సంబంధం లేదు.

హోస్ట్ ఎఫ్3 నొక్కినా అక్షరాలు రాకపోతే ఇంకొంచెం పైకి నడవాలి. మెషీన్ ఆన్ చేస్తూనే షిఫ్ట్ పట్టుకుని కూర్చో. మెషీన్ సెట్టింగ్స్‌లో ఈఎఫ్ఐ (కొత్త రకం బూట్ పద్ధతి) పెట్టి ఉంటే షిఫ్ట్ బదులు ఎస్కేప్ నొక్కాలి. గ్రబ్ అనే మెనూ వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్తే ఒకటి కంటే ఎక్కువ కెర్నళ్లు ఉంటాయి. పైది కొత్తది, దాని కింద పాతది. పాతదాన్ని ఎంచుకో. అది మామూలుగా లేచిందంటే తప్పు కొత్త కెర్నల్ సగమే అమరడంలో ఉంది. లోపలికి వెళ్లి ఇందాకటి డీపీకేజీ కమాండే కొట్టు. పాతది కూడా లేవకపోతే అదే జాబితాలో రికవరీ మోడ్ అని ఉంటుంది. అందులోని మెనూలో డీపీకేజీ అనే వరసే పాడైన ప్యాకేజీలను బాగుచేస్తుంది, నువ్వు కమాండ్ కూడా కొట్టక్కర్లేదు.

ఎక్కడ ఆగిందో కళ్లారా చూడాలంటే గ్రబ్‌లో మొదటి వరస మీద ఉండి ‘ఈ’ నొక్కు. వచ్చిన రాతలో లైనక్స్ అని మొదలయ్యే పంక్తి చివర ‘క్వైట్ స్ప్లాష్’ అని రెండు మాటలుంటాయి. రెండూ చెరిపి ఎఫ్10 నొక్కు. ఉబుంటు గుర్తు అనే తెర తొలగి, వెనకాల జరిగేదంతా పంక్తులుగా కనిపిస్తుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే, కాబట్టి భయం లేదు. చాలామంది అక్కడ ‘నోమోడ్‌సెట్’ అని చేర్చమని చెబుతారు. చేర్చి చూడొచ్చు. దానితో లేస్తే తప్పు డ్రైవర్ దగ్గర ఉందని తెలుస్తుంది. కానీ అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కన పెట్టి నడిపే పద్ధతి, శాశ్వతంగా ఉంచేస్తే తెర పెద్దది కాదు. జ్వరం చూసే థర్మామీటర్‌ని నోట్లోనే పెట్టుకుని తిరగం కదా.

ఆ పంక్తుల మధ్యలో బ్రాకెట్లో ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ అని వచ్చి ఆగిపోతే, కరెంటు పోయినప్పుడు ఫైల్ సిస్టమ్ దెబ్బతింది. దాని పైనే ఏ డిస్కు భాగమో పేరుంటుంది. ‘ఎఫ్ఎస్‌సీకే గీత-వై’ కొట్టి ఖాళీ ఇచ్చి ఆ పేరు కొట్టు, అయ్యాక ‘ఎగ్జిట్’. ఇది చేసేముందు వీడీఐ కాపీ ఉండి తీరాలి.

సరే, లాగిన్ తెర వచ్చిందనుకో. పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ నల్లబడినా, మెరుస్తున్నా ఒక పని చెయ్యి. నీ పేరు మీద క్లిక్ చేశాక కుడి అడుగు మూల గేరు బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కి ‘ఉబుంటు ఆన్ ఎక్స్ఆర్గ్’ ఎంచుకో. లైనక్స్‌లో తెర గీసే పద్ధతులు రెండు. ఎక్స్ఆర్గ్ వాడే ఎక్స్ 1984లో ఎమ్ఐటీలో పుట్టింది, నలభై ఏళ్ల ముసలిది. వేలాండ్ 2008లో మొదలైంది, ఉబుంటు 22.04 మామూలుగా దీన్నే వాడుతుంది. వర్చువల్ మెషీన్‌లో మాత్రం నాకు ఇప్పటికీ ముసలిదాని మీదే గురి.

అగ్గిపెట్టె తెర సంగతి చివరికి వస్తుంది, ముందు కాదు. దానికి గెస్ట్ అడిషన్స్ కావాలి. కిటికీ సైజు మార్చగానే లోపలి తెరకి కబురు చెప్పేది అదే. ఒక్క కమాండ్ చాలు: ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వర్చువల్‌బాక్స్-గెస్ట్-ఎక్స్11’. చివరి మాట మొత్తం ఖాళీ లేకుండా. డివైసెస్ మెనూలో సీడీ పెట్టి వేసే పద్ధతి కూడా ఉంది, దానికి జీసీసీ, మేక్, కెర్నల్ హెడర్లు అన్నీ కావాలి. రెండిట్లో ఏదో ఒకటే వాడు. రెండూ వేస్తే ఒకదాని ముక్కలు ఇంకోదాన్ని తొక్కుతాయి, ఆ చిక్కు విప్పడం నా వల్ల కూడా కాదు. రీబూట్ అయ్యాక వ్యూ మెనూలో ‘ఆటో రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే’ ఆన్‌లో ఉందో లేదో చూడు. పైన మెనూయే మాయమైపోతే పొరపాటున హోస్ట్ సీ నొక్కి ఉంటావు. మళ్లీ అదే నొక్కితే తిరిగొస్తుంది.

అన్నీ కుదిరాక కూడా తెర ఎడ్లబండిలా నడిస్తే కిటికీ అడుగున చిన్న బొమ్మలు చూడు. వాటిలో ఆకుపచ్చ తాబేలు ఉంటే విండోస్ హైపర్‌వీ (మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషీన్ ఏర్పాటు) వర్చువల్‌బాక్స్ దారికి అడ్డంగా కూర్చుంది. హైపర్‌వీని తీస్తే, విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ లాంటివి ఆగిపోతాయి, కాబట్టి పని నడుస్తుంటే తాబేలుని అలాగే ఉండనీ. ర్యామ్ ఎంతో నువ్వు రాయలేదు. 8 జీబీ ఉంటే మెషీన్‌కి 4 ఇవ్వు, అంతకు మించొద్దు. విండోస్ కూడా బతకాలి.

ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యి. ఏం మార్చావో కాగితం మీద రాసుకో, రీబూట్ చెయ్యి, చూడు, అప్పుడు రెండోది. మూడు కంట్రోలర్లూ ఒకేసారి తిప్పడం వల్లే నీ మొదటి తప్పు దేని కింద ఉందో తెలియకుండా పోయింది. బ్యాటరీ కొనేదాకా అప్‌డేట్ మాత్రం ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూర్చుని చెయ్యి.

ఇవన్నీ అయ్యాక కూడా నలుపే అయితే, క్వైట్ స్ప్లాష్ తీసి ఆన్ చేసి, ఆగిన చోట కనిపించే చివరి పది పంక్తులు ఫోన్‌తో ఫొటో తీసి పంపు. వర్చువల్‌బాక్స్ వెర్షన్, ల్యాప్‌టాప్ ర్యామ్, డీఎఫ్‌లో వచ్చిన శాతం కూడా రాయి.